ముసలాయనకు నా పూచీ

నన్ను పట్టుకుని "ముందు మీ వీధులు ఊడ్చుకోండి" అని తిట్టిన ముసలాయనకు నేను పూచీ ఉన్నానంటే మా అమ్మ ఇప్పటికీ నెత్తి కొట్టుకుంటుంది. ఆయన ఉండేది అమెరికాలో ఏదో చిన్న ఊళ్ళో. నేనుండేది చందానగర్‌లో. మేమిద్దరం ఎప్పుడూ కలవలేదు, కలవబోము కూడా. ఆయన ముఖం ఎలా ఉంటుందో కూడా నాకు తెలియదు. అయినా కొన్నాళ్ళపాటు మా ఇంట్లో పొద్దున లేస్తే ఆయన ముచ్చటే.

హైటెక్ సిటీలో నేను చేసే పని చుట్టాలకు చెప్పి అర్థం చేయించలేక వదిలేశాను. అమెరికాలో ఒక కేసు కోర్టుకెక్కితే రెండు వైపులా కాగితాలు గుట్టలుగా పడతాయి. వాటిని చదివి, ఏది పనికొస్తుందో ఏది రాదో వేరుచేసి అక్కడి వకీళ్ళకు పంపే కంపెనీ మాది. నేను లా చదివాను. నల్లకోటు వేసుకుని కోర్టులో గొంతెత్తుదామనుకున్న దాన్ని. నెల తిరిగేసరికి జీతం పడే ఉద్యోగం దొరికింది, ఇటు వచ్చేశాను. దానికి నాకేమీ విచారం లేదు. గొంతెత్తడానికి కోర్టే కావాలని ఎవరన్నారు?

మా ఫ్లోర్లో కూర్చునేవాళ్ళకు అమెరికా అంటే వీసా. ఏ వీసాకు ఎన్నేళ్ళు, ఏ ఇంటర్వ్యూలో ఏమడుగుతారు, అదంతా నిద్రలో లేపి అడిగినా చెప్తారు. మీరు రోజంతా చదివే కాగితాలకు మూలం ఏదండీ, ఆ రాజ్యాంగంలో ఏముందండీ అంటే మాత్రం నోరు పెగలదు. నాకు ఒళ్ళు మండేది. అన్నం పెట్టే వంటను ఒక్కసారైనా మూత తీసి చూడరా? పోలీసులు వారంటు లేకుండా ఒకడి కారు డిక్కీ తెరిచారన్న కేసు ఒకటి నా బల్ల మీదకు వచ్చింది. అది చదివాక నాకు ఆగలేదు. డిక్కీలో దొరికిన సరుకు ఏదైతేనేం, తెరిచిన పద్ధతి తప్పు గనక ఆ సరుకును సాక్ష్యంగా తీసుకునేది లేదని జడ్జి అన్నాడు. వాడు తప్పు చేశాడని అందరికీ తెలుసు. అయినా పద్ధతి పద్ధతే! ఆ సాయంత్రం బండి మీద కొత్తగూడ, కొండాపూర్, హఫీజ్‌పేట దాటి ఇల్లు చేరేదాకా దాని గురించే ఆలోచిస్తూ వచ్చాను.

అలా వెతుక్కుంటూ వెళ్తే ఇంటర్నెట్లో ఒక గ్రూపు దొరికింది. అమెరికా చరిత్ర, రాజ్యాంగం, పౌరహక్కులు, వీటి గురించి మాత్రమే మాట్లాడుకునే గ్రూపు. పెట్టినావిడ అక్కడ రిటైరైన వకీలు. వంటకాల ఫోటోలు, గుడ్ మార్నింగ్ పువ్వులు పెడితే తీసి అవతల పారేస్తుంది. నాకు తెగ నచ్చింది. చాలాకాలం చదివాను, తర్వాత రాయడం మొదలుపెట్టాను, ఆ తర్వాత వాదించడం. నేను హైదరాబాద్ మనిషినని ఎప్పుడూ దాచలేదు. దాచడానికి నేనేమన్నా దొంగనా?

కొంతకాలానికి ఆవిడే నన్ను మోడరేటర్‌గా ఉండమంది. దానికి నా పాండిత్యం కారణమని చెప్పుకోవాలని నాకూ ఉంది గానీ అసలు కారణం గడియారం. వాళ్ళు పడుకునే వేళకు మాకు టిఫిన్ వేళ. వాళ్ళు నిద్రపోతుంటే ఎవడో వచ్చి బూతులు రాసిపోతే తీసేసేవాళ్ళు లేరు. కాబట్టి వాళ్ళ రాత్రి కాపలా నాది, నాకది పగటి పని. చెడ్డ రాతలు తీసే అధికారం, మనుషుల్ని బయటికి పంపే అధికారం, బయటికి పోయినవాళ్ళు పెట్టుకునే మొర చదివే బాధ్యత, ఇవన్నీ కలిపి మేము తాళాలు అంటాం. ఆ తాళాలు నా చేతికొచ్చిన రోజు నేను అమ్మకు పాయసం వండి పెట్టాను.

"ఎందుకే పాయసం? జీతం పెంచిర్రా?" అంది అమ్మ.

"జీతం లేదమ్మా. అమెరికా వాళ్ళ గ్రూపుకు నన్ను పెద్దమనిషిని చేసిర్రు."

"ఓహో, ఫుకట్ల కొలువా!" అని మళ్ళీ కొంచెం పాయసం వేసుకుంది.

ముసలాయన నాకంటే చాలా ముందు నుంచీ ఆ గ్రూపులో ఉన్నాడు. బడిలో చరిత్ర చెప్పి రిటైరైన పంతులు. రాత చూస్తే ముచ్చటేస్తుంది, నోరు చూస్తే భయమేస్తుంది. తప్పు రాసినవాణ్ణి పెద్దాచిన్నా చూడకుండా బెంచీ ఎక్కించేవాడు. ఆయన రాసినవాటిలో నేను దాచుకున్నది ఒకటుంది. బోస్టన్‌లో ఇంగ్లీషు సిపాయిలు జనం మీద కాల్చి మనుషుల్ని చంపితే, ఊరంతా వాళ్ళ నెత్తురు కోరుతుంటే, ఆ ఊరి వకీలే ఒకాయన ముందుకొచ్చి ఆ సిపాయిల తరఫున వాదించాడు. తర్వాతి రోజుల్లో అదే మనిషి దేశాధ్యక్షుడయ్యాడు. ఈ కథను ముసలాయన రాసిన తీరు చదివితే ఆ కోర్టుగదిలో మనమూ ఒక మూల నిలబడ్డట్టే ఉంటుంది.

అంత మనిషి నన్నంత మాట అన్నాడు. పద్నాలుగో సవరణ మీద చర్చ నడుస్తోంది. న్యాయమైన విచారణ లేకుండా ఎవరి ప్రాణాన్నీ, స్వేచ్ఛనూ, ఆస్తినీ లాక్కోకూడదని చెప్పే సవరణ అది. ఆ మాట చెప్పే చోట 'పౌరుడు' అని కాకుండా 'వ్యక్తి' అని ఉందని నేను రాశాను. శాన్‌ఫ్రాన్సిస్కోలో బట్టలుతికి బతికే ఒక చైనావాడు అమెరికా పౌరుడు కాకపోయినా ఆ సవరణ చేతబట్టుకునే అక్కడి పెద్దకోర్టులో గెలిచాడని కూడా రాశాను. అది నిజం. కావాలంటే ఎవరైనా తీర్పు తీసి చదువుకోవచ్చు. దాని కింద ముసలాయన రాసింది తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది: "మా ఉద్యోగాలు తిన్నారు, ఇప్పుడు మా చట్టాలు కూడా నమిలేస్తారా? మాకు పాఠాలు చెప్పే ముందు మీ వీధులు ఊడ్చుకోండి. మీ జాతికి తెలిసింది ఇంకొకళ్ళ పని చౌకగా చేయడమే."

పొద్దున టీ గ్లాసు చేతిలో ఉండగా చదివాను. మొహం మీద ఉమ్మినట్టయింది. తిట్టినందుకు కాదు, దాని కింద చేరి శభాష్ అన్నవాళ్ళను చూసి. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అన్న సామెత ఊరికే పుట్టలేదు. జవాబు రాశాను, కొట్టేశాను. మళ్ళీ రాశాను, మళ్ళీ కొట్టేశాను. తాళాలు నా చేతిలోనే ఉన్నాయి. వేలితో ఒక్కసారి తాకితే ఆయన రాత మాయం, ఆయనా మాయం. కానీ నా కేసులో నేనే జడ్జిని ఎలా అవుతాను? వేలు వెనక్కి తీసుకుని బండి తాళం తీసుకుని ఆఫీసుకు పోయాను. ఆ రోజు చదివిన కాగితాల్లో ఒక్క ముక్క కూడా బుర్రకెక్కలేదు.

సాయంత్రానికి వాళ్ళకు తెల్లవారింది. నేను సెల్లార్‌లో బండి తీస్తుండగా ఫోన్ మోగింది. మిగతా మోడరేటర్లు ముసలాయనను శాశ్వతంగా బయటికి పంపేశారు. నిజం చెప్తున్నా, సంతోషించాను. దారిలో ఆగి మిర్చీబజ్జీలు కట్టించుకుని మరీ ఇంటికి వెళ్ళాను.

మర్నాడు పొద్దున మొరల డబ్బాలో ఆయన రాసింది వచ్చి ఉంది. ఆ డబ్బా తెరిచేది నేనేనని ఆయనకు తెలుసో తెలియదో! క్షమించమని ఎక్కడా లేదు. "నన్ను మన్నించమని అడగడం లేదు. నేను రాసిన ఏ వాక్యం మీ ఏ నియమాన్ని దాటిందో చెప్పమంటున్నాను. ఎవరూ చెప్పలేదు. నన్నెవరూ అడగలేదు. లేచేసరికి తలుపు మూసి ఉంది." కింద ఇంకో ముక్క రాశాడు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయినప్పటినుంచీ ఇల్లు కదల్లేకపోతున్నాడట. భార్య లేదు. రోజుకు నాలుగు మాటలు మాట్లాడుకునేది ఈ గ్రూపులోనేనట. "ఇది సానుభూతి కోసం రాయడం లేదు, వాస్తవం గనక రాస్తున్నాను" అని కూడా అన్నాడు. పొగరు చూడండి!

అమ్మ కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆయన మొరను తెలుగు చేసి చదివి వినిపించాను.

"మంచిగైంది. పీడ పోయింది, పోనీ," అంది అమ్మ.

"ముసలోడమ్మా. ఇంట్లకెంచి బయటికి రాడట. మాట్లాడనీకి ఇంకో దిక్కు లేదట."

"దిక్కు లేనోడు నోరు దగ్గర పెట్టుకోవాలె. నిన్ను తిట్టినోని కోసం నువ్వు కొట్లాడుతవా? పని లేదా నీకు?"

"కొట్లాడుడు కాదే, కనీసం పిలిచి అడగలే ఎవ్వరు. అదే నాకు పట్టుకుంది."

"ఇగ మొదలైంది," అని చిక్కుడుకాయ విరిచి గిన్నెలో పడేసింది. "అచ్చం మీ నాయనవే. గడ్డమొక్కటే తక్కువ."

మా నాన్న సంగతి చెప్పకపోతే ఈ కథ ముందుకు కదలదు. బాలానగర్‌లో ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసేవాడు. మాది శేరిలింగంపల్లి వైపు పాత ఊరే. అద్దాల మేడలు లేవకముందు నుంచీ ఉన్నవాళ్ళం. గల్లీలో గోడ గొడవైనా, నల్లా నీళ్ళ గొడవైనా, తాగొచ్చి పెళ్ళాన్ని కొట్టినవాడి గొడవైనా ఆదివారం మా ఇంటి ముందు తేలాల్సిందే. పంచాయితీ ఒక వరసలో నడిచేది. తప్పు చేసినవాడు ముందు పూర్తిగా మాట్లాడాలి, మధ్యలో ఎవరూ అడ్డం రాకూడదు. తర్వాత దెబ్బ తిన్నవాళ్ళు. చివర్లో, "మళ్ళ చెయ్యడని ఏం నమ్మకం?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు ఒకడు లేచి "నేను జమానత్" అనాలి, అంటే వీడికి పూచీ నాది అని. సంతకం లేదు, కాగితం లేదు. ఆ తర్వాత వాడు మాట తప్పితే జనం వాణ్ణి ఏమీ అనరు. జమానత్ ఉన్నవాణ్ణి వచ్చి అడుగుతారు, వాడి పెద్దరికం ఆ రోజుతో సరి. ఆ సిగ్గుకు భయపడి చాలామంది దారిలో ఉండేవాళ్ళు. అందరికీ లేచి జమానత్ అనేది మా నాన్నే. తాగుబోతు దర్జీ ఒకడికి జమానత్ ఉండి, వాడు మళ్ళీ తాగినప్పుడల్లా గల్లీలో ఆడవాళ్ళంతా వచ్చి మా నాన్నను నిలబెట్టి కడిగేవాళ్ళు. అమ్మకు ఆ మంట ఇంకా చల్లారలేదు.

ఆఫీసులో నా పక్క సీటాయనది గోదావరి జిల్లా. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని కూర్చున్నప్పుడు ఆయనకూ చెప్పాను. ఆయన ఆవకాయ కలుపుకుంటూ విన్నాడు.

"మీకెందుకండీ ఈ గోల? ఆ మహానుభావుడు మిమ్మల్నే కదండీ అన్నది. హాయిగా ఊరుకోండి."

"ఊరుకుంటే మనం రోజూ చదివేదానికి అర్థమేముందండీ?"

"చదివేది జీతానికండీ బాబూ," అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది గానీ ఆయన ఆవకాయ నాకూ వడ్డించాడు కాబట్టి ఏమీ అనలేదు.

ఆ సాయంత్రమే మోడరేటర్ల గదిలో రాశాను: ఆయన్ని అడగకుండా పంపడం తప్పు, కూర్చుని మాట్లాడదాం అని. శనివారం సాయంత్రం, అంటే వాళ్ళకు పొద్దున, వీడియోలో కలిశాం. గ్రూపు పెట్టినావిడ, టెక్సస్ వకీలు ఒకాయన, నేను. అమ్మ పక్కన మంచం మీద కూర్చుని ఇంగ్లీషు రాకపోయినా మొహాలు చూస్తూ ఉంది.

వకీలు ముందే అడ్డుకట్ట వేశాడు. "భావస్వేచ్ఛ అని మొదలుపెట్టకు. మొదటి సవరణ ప్రభుత్వం చేతులు కడుతుంది, మన చేతులు కట్టదు. ఇది ప్రైవేటు ఇల్లు. ఎవరిని రమ్మనాలో ఎవరిని పొమ్మనాలో మన ఇష్టం."

"తెలుసు," అన్నాను. "ఆ ముక్క తెలియకుండా ఇన్నాళ్ళు మీతో వాదిస్తున్నానా? చట్టం మనల్ని కట్టెయ్యదు, ఒప్పుకుంటాను. మరి మనకు మనం కట్టుబడితే ఎవరన్నా కేసు వేస్తారా? వినకుండా శిక్ష వెయ్యొద్దని రోజూ పేజీలకు పేజీలు రాసేది మనమే. మన ఇంట్లోకి వచ్చేసరికి ఆయన్ని ఒక్క మాట అడగలేదు."

"అతను తిట్టింది నిన్ను," అంది ఆవిడ. "నీ కోసమే చేశాం. నీకు కోపం లేదా?"

"ఎందుకు లేదు? కడుపు రగిలిపోతోంది. ఆయన ఎదురుగా ఉంటే నాలుగు కడిగేదాన్ని. ఆ కడిగే అవకాశం కూడా మీరు తీసేశారు."

ఆవిడ నవ్వింది. నేను ఊపిరి తీసుకుని, దాచుకున్న బోస్టన్ కథ తెరిచి చదివాను. చదువుతుంటే వకీలు కప్పు కింద పెట్టాడు. ఇది రాసింది ఎవరో మీకు గుర్తుందా అని అడిగాను. ఇద్దరికీ గుర్తుంది. ఆ సిపాయిలకు దొరికిన వకీలు దీన్ని రాసినవాడికి దొరకకపోతే మనం ఈ గ్రూపు మూసేసి వంటకాల ఫోటోలు పెట్టుకుందాం అన్నాను.

"సరే," అన్నాడు వకీలు. "ఏ వాక్యం ఏ నియమాన్ని దాటిందో రాసి పంపుదాం. తిట్టు తీసేద్దాం, మనిషిని రానిద్దాం. కానీ మళ్ళీ చేయడని నమ్మకం ఏమిటి?"

అచ్చం అదే మాట! ఆదివారం మా గల్లీలో అడిగే మాట అడిగేసరికి నాలోంచి మా నాన్న లేచి నిలబడ్డాడు.

"నేను పూచీ," అన్నాను.

వాళ్ళకు అర్థం కాలేదు. చెప్పాల్సి వచ్చింది. ఆయన మళ్ళీ ఎవరి పుట్టుకనైనా, దేశాన్నైనా తిడితే నా తాళాలు నేనే మీ చేతిలో పెట్టి తప్పుకుంటాను, ఆ సంగతి ఆయనకు కూడా తెలియజేయండి అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసేసింది. "ఒకరి తప్పుకు ఇంకొకరికి శిక్షా? ఏ కోర్టూ దీన్ని ఒప్పుకోదు. మన పునాదులకే విరుద్ధం ఇది!"

ఆవిడ అన్నది అక్షరాలా నిజం. ఎవరి తప్పు వారిదే, ఎవరి శిక్ష వారిదే అన్నది నేను రోజూ ఇచ్చే ఉపన్యాసమే. వీడియోలో ఎర్రబడ్డాను. కానీ అన్న మాట వెనక్కి తీసుకుంటే మా గల్లీలో నవ్విపోతారు. "ఇది శిక్ష కాదండీ, నేనే ఒప్పుకుంటున్నాను," అని మొండికేశాను. వాళ్ళు తల అడ్డంగా ఊపుతూనే, ప్రయోగంగా ఒకసారి చూద్దాం అన్నారు.

లాప్‌టాప్ మూయగానే అమ్మ అడిగింది. "ఏమైంది? గా కండ్లద్దాలామె గంత పరేషాన్ అయితుందేంది?"

చెప్పాను. అమ్మ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "అయ్యో నా బిడ్డా, నువ్వు గూడ జమానత్ ఉంటివా! గల్లీ దర్జీకంటే దొరుకుతడు, గల్లా పట్టి అడుగొచ్చు. సముద్రం అవుతలోనికి ఉంటవా?"

సోమవారం ఆఫీసులో గోదావరాయన కూడా అదే పాట. "మీ కుర్చీ తాకట్టు పెట్టి ఆయన్ని విడిపించారన్నమాట. భలేవారండీ మీరు!"

నాకూ లోపల పీకుతూనే ఉంది. తాళాలంటే నాకు పిచ్చి ఇష్టం, ఎందుకు దాచాలి? అద్దాల మేడలో పేరు లేకుండా కాగితాలు వేరుచేసే మనిషిని నేను. ఆ గ్రూపులో మాత్రం నా మాటకు బరువుండేది. దాన్ని తీసుకెళ్ళి, నన్ను తిట్టిన నోటికి కట్టాను. ముసలాయనకు నియమం, వాక్యం, నా పూచీ సంగతి అన్నీ రాసి పంపారు. ఆయన అది చదివినట్టు గుర్తు పడింది గానీ, తెరిచిన తలుపులోంచి లోపలికి రాలేదు. ఉలుకూ పలుకూ లేదు. టిఫిన్ చేస్తూ చూస్తాను, లేడు. భోజనాల దగ్గర చూస్తాను, లేడు. ఆయనకేమన్నా అయిందేమోనని దిగులు పట్టుకుంది. ఇంత చేసినందుకు కనీసం ఒక ముక్క రాయలేదని కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి ఉండొచ్చా అంటే, ఉంటాయి.

చివరికి ఒక పొద్దున, ఉప్మా పళ్ళెం ఒళ్ళో ఉండగా, ఆయన రాత కనిపించింది. పొడుగైన రాత. శీర్షిక చదివి నాకు పొలమారింది. 'అమెరికా పౌరురాలు కాని వ్యక్తి ఈ గ్రూపుకు మోడరేటర్‌గా ఉండరాదని నా ప్రతిపాదన.'

అమ్మ నీళ్ళు అందించి అడిగింది. విషయం చెప్పాను. "నేనేం చెప్పిన? పాముకు పాలు పోసినవ్! ఇప్పుడు తీసి అవుతల పారెయ్, నీ చేతిలనే ఉంది కద!"

అప్పటికే మోడరేటర్ల గదిలో వకీలు రాసి ఉంచి పడుకున్నాడు. "చూశావా? నా లెక్కలో ఇది మాట తప్పినట్టే. అవునంటే అతనూ పోతాడు, నువ్వూ తప్పుకోవాలి. కాదంటే అతని ప్రతిపాదన ఓటుకు పెట్టాలి. పూచీ నీది కాబట్టి నిర్ణయం నీదే."

ఉప్మా పక్కన పెట్టి ఒక్కో వాక్యం చదివాను. వెతికాను, సిగ్గులేకుండా చెప్తున్నా, ఒక్క తిట్టు దొరికితే బాగుండునని వెతికాను. దొరకలేదు. మొదటి పేరాలోనే రాశాడు: "నా నోటికి ఒకామె పూచీ ఉంది. కాబట్టి ఆమె పేరు పాడయ్యే మాట ఒక్కటీ ఇందులో ఉండదు." తర్వాతంతా వాదన. అతిథి ఎంతసేపైనా మాట్లాడవచ్చు, బడిలో పాఠం కూడా చెప్పవచ్చు, ఈమె చెప్పేది చాలావరకు సరైనదే అన్నాడు. కానీ ఎవరు మాట్లాడాలి, ఎవరు ఆగాలి అని తేల్చే మనిషి, ఆ చట్టం కింద బతికి దాని దెబ్బలు తినే మనిషే కావాలి అన్నాడు. పరాయి దేశం నుంచి పాలించేవాళ్ళను వద్దనే కదా ఈ దేశం పుట్టింది అన్నాడు. ఎక్కడా తొట్రుపాటు లేదు. ఆ మధ్యకాలంలో ఆ గ్రూపులో వచ్చిన వాటన్నిటిలో అదే గొప్ప రాత. కడుపు మండింది. మండుతూనే శభాష్ అనిపించింది.

"ఏమాయె? తిట్టిండా?" అంది అమ్మ.

"తిట్టలేదమ్మా. వాదించిండు."

"మరి తీసేస్తవా?"

"ఎట్ల తీసేస్తనే? జమానత్ ఉన్న కద. మాట మీద నిలబడ్డడు మనిషి."

ఈ రాత ఏ నియమాన్నీ దాటలేదు, పూచీ ఉన్నదాన్ని నేను చెప్తున్నాను అని కింద రాశాను. అందరికీ ముందుగా కనిపించేలా దాన్ని అన్నిటికంటే పైన నిలబెట్టాను. ఓటింగ్ తెరిచాను. నా జవాబు నేనూ రాశాను, చైనావాడి దగ్గర మొదలుపెట్టి చాలా దూరమే వెళ్ళాను. బాగానే రాశాను. గట్టిగానే కొట్లాడాను.

ఓడిపోయాను. కొద్దిలో పోయింది గానీ ఓటమి ఓటమే. శుక్రవారం పొద్దున తాళాలు ఆవిడకు అప్పగించాను. ఆవిడ ఏడ్చినంత పని చేసింది, వకీలు తిట్టినంత పని చేశాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం మాత్రం చెప్పలేనంత వచ్చింది. ఆ రోజంతా ఎవరు పలకరించినా కసిరాను. గోదావరాయన తన డబ్బా పట్టుకుని దూరంగా వేరే బల్ల దగ్గర కూర్చుని తిన్నాడు, పాపం.

సోమవారం ఆఫీసు సెల్లార్‌లో బండి ఆపి, హెల్మెట్ తీయకముందే ఫోన్ చూశాను. ముసలాయన నుంచి నాకే నేరుగా వచ్చింది. కృతజ్ఞత లేదు, క్షమాపణ లేదు.

"నీ చేతిలో తాళాలున్నంతకాలం నీతో పోట్లాడితే భయపడి పోట్లాడినట్టుండేది. ఇప్పుడు మనిద్దరం ఒకటే. నిన్న జ్యూరీల గురించి నువ్వు రాసింది చదివాను. మూడు చోట్ల తప్పు. చెప్పనా?"

లిఫ్టు దగ్గర గోదావరాయన నిలబడి "రండి, ఆలస్యమైపోతుంది" అని పిలుస్తున్నాడు. మీరు వెళ్ళండి అని చెయ్యి ఊపాను. బండికి స్టాండు వేసి, దాని మీదే కూర్చుని, "చెప్పండి సార్" అని రాశాను.